మా ఒళ్ళు ఉక్కుతో చేసింది కాదు

కొండ మీది మనుషులు గట్టివాళ్ళు, వాళ్ళకు నొప్పీ గిప్పీ తెలియదు అంటారు. ఈ మాట అనేవాళ్ళలో అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు. కూలికి పిలిచే కాంట్రాక్టరు అంటాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు అంటాడు. మా మీద కథలు రాసే మైదానం రచయిత మెచ్చుకుంటూ అంటాడు. ఆసుపత్రిలో చీటీ రాసే మనిషి తల ఎత్తకుండానే అంటాడు. అందరూ మమ్మల్ని పొగుడుతున్నామనే అనుకుంటారు. ఆ పొగడ్త మాకు వద్దు. దాన్ని తిరిగి ఇచ్చేయడానికే ఈ వ్యాసం.

ఎందుకు వద్దంటే, ఆ పొగడ్తకు ఒక ఖరీదు ఉంది. అది కట్టేది మేము. నొప్పి తెలియని మనిషి మీద ఎంత బరువైనా పెట్టవచ్చు. అతనికి రోడ్డు అక్కరలేదు, ఇంటి ముందు కుళాయి అక్కరలేదు, మధ్యాహ్నం గంటసేపు విశ్రాంతి అక్కరలేదు. అతను ఆసుపత్రికి వచ్చి నడుము నొప్పి అంటే పరీక్ష కూడా అక్కరలేదు, నాలుగు బిళ్ళలు చేతిలో పెట్టి పంపితే చాలు. "గట్టివాళ్ళు" అనే మాట వినడానికి మెచ్చుకోలు. పనిచేసేది మాత్రం కూలి తగ్గించడానికీ, సౌకర్యం ఎగ్గొట్టడానికీ.

మన్యానికి ఈ లెక్క కొత్త కాదు. బ్రిటిషు కాలంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా పనికి తోలాడు, కూలి సరిగా ఇవ్వలేదు. 1922లో మొదలైన మన్యం తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. మన పాఠాల్లో పోలీసుస్టేషన్ల మీద దాడులు ఉంటాయి, తుపాకులు ఉంటాయి. ఆ రోడ్డుకు రాళ్ళు మోసిన నడుముల సంగతి ఉండదు. కానీ లేచి నిలబడింది ఆ నడుములే. మా పెద్దలకు నొప్పి తెలియకపోతే ఆ తిరుగుబాటే ఉండేది కాదు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది

ఒళ్ళు నొప్పులు వయసుతో వస్తాయంటారు. మన ఊళ్ళలో ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళు నడుము పట్టుకుని లేస్తున్నారు. అది వయసు కాదు, పని. ఒక్కసారి కూర్చుని లెక్క వేద్దాం.

పదిహేను లీటర్లు పట్టే బిందె అంటే నీళ్ళే పదిహేను కిలోలు. బిందె బరువు వేరు. ఇంటికి రోజుకు ఆరు బిందెలు కావాలంటే ఒక ఆడమనిషి తొంభై కిలోలు మోసినట్టు. అదీ చదును నేల మీద కాదు, ఊట నుంచి ఇంటి దాకా ఎక్కుడు దారిలో. దాని తర్వాత కట్టెల మోపు. దాని తర్వాత పోడు చేనులో కలుపు. రాత్రికి పిల్లను ఎత్తుకుని వంట. ఈ మొత్తాన్ని ఎవరూ పని కింద లెక్కపెట్టరు. కాబట్టి ఆ పని వల్ల వచ్చే నొప్పినీ రోగం కింద లెక్కపెట్టరు.

తునికాకు కాలం తీసుకుందాం. ఏప్రిల్, మే నెలల ఎండ. కొమ్మ కొట్టిన చెట్టుకు వచ్చే చిగురు నేలకు దగ్గరగా ఉంటుంది, వంగి కోయాలి. కట్టకు 50 ఆకులు. ఒక ఇంటివాళ్ళు రోజుకు వంద కట్టలు కట్టారంటే ఐదు వేల సార్లు చెయ్యి చాచి, తుంచి, లెక్కపెట్టి, పేర్చారన్నమాట. ఇక పాడేరు, అరకు వైపు కాఫీ పండ్ల కోత, కొండచీపురు కోత. ఏజెన్సీ నుంచి ఖమ్మం, గుంటూరు వైపు వలస వెళ్ళేవాళ్ళకు మిరప కోత, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నడుం వంచే పని. ఉపాధి పనిలో మట్టి తట్ట. రోడ్డు లేని గూడేల్లో పురిటి నొప్పుల మనిషిని డోలీ కట్టి మోసే భుజాలు. డోలీలో ఉన్న మనిషి కష్టం ఈమధ్య పేపర్లలో ఫొటోగా అయినా వస్తోంది. కర్ర కింద ఒరుసుకుపోయిన భుజం గురించి ఎవరూ రాయరు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మోత బరువుల మీద ఒక ఒప్పందం, దానితో పాటు ఒక సిఫారసు చేసింది. మగ కార్మికుడు చేత్తో మోసే బరువు 55 కిలోలకు మించి ఉన్నచోట దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలనీ, ఆడవాళ్ళ మోత మగవాళ్ళ మోత కంటే బాగా తక్కువ ఉండాలనీ అందులో ఉంది. అంటే మనిషి వెన్నెముకకు ఒక హద్దు ఉందని ప్రపంచం ఒప్పుకుని చాలా కాలమైంది. ఫ్యాక్టరీలో బస్తా మోసేవాడికి కాగితం మీదనైనా ఒక కొలత ఉంది. ఊట దగ్గర బిందె ఎత్తుకునే మనిషికి, సంతకు చింతపండు గంప మోసుకెళ్ళే మనిషికి ఏ కొలతా లేదు. ఎందుకంటే ఆ మోతకు యజమాని కనిపించడు. కుళాయి వేయనివాడే, రోడ్డు వేయనివాడే ఆ మోతకు యజమాని అని మేము అంటున్నాం.

నొప్పి అంటే ఏమిటి

నొప్పిని మన ఊళ్ళలో వాతం అంటారు, గాలి అంటారు, ఎవరో చేశారని కూడా అంటారు. చదువుకున్న మన పిల్లలు వీటికి నవ్వుతారు గానీ, నొప్పి ఏమిటో వాళ్ళకూ తెలియదు. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన సంగతి ఇది.

నొప్పి ఊరి కాపలా కుక్క లాంటిది. దొంగ వస్తే మొరుగుతుంది, మనల్ని లేపుతుంది. చెయ్యి కాలితే వెనక్కి లాక్కుంటాం, కాలు బెణికితే మోపకుండా ఉంటాం. అది నొప్పి చేసే మేలు. అలవాటు లేని పని చేసిన మర్నాడు, నాట్లు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు రోజులు ఒళ్ళంతా పట్టేసినట్టుంటుంది. కండరాలు కొత్త పనికి సర్దుకుంటున్నాయని దాని అర్థం. వారం లోపల అదే పోతుంది. దానికి సూదీ అక్కరలేదు, భయమూ అక్కరలేదు.

మూడు నెలలు దాటినా పోని నొప్పి వేరు. దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దొంగలు పదే పదే పడిన ఇంట్లో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది చూడండి, అలా. దెబ్బ మానిపోయినా నరాలు, వెన్నుపాము, మెదడు మేలుకునే ఉంటాయి, చిన్న కదలికకే నొప్పిని పుట్టిస్తాయి. నిద్ర లేకపోతే అది పెరుగుతుంది. అప్పు, దిగులు, అటవీ కేసు భయం, పోడు భూమి పోతుందన్న బెంగ కూడా దాన్ని పెంచుతాయి. ఇది కల్పన కాదు, మనసులో పుట్టిన నొప్పీ కాదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు. అలాగే నొప్పి ఉన్నంత మాత్రాన లోపల ఏదో విరిగిందనీ కాదు. ఈ రెండు మాటలు తెలిస్తే సగం భయం పోతుంది.

దెబ్బ తగలగానే అక్కడ చేత్తో రుద్దుకుంటాం. అమ్మ పిల్లాడి మోకాలు నిమురుతుంది. దీని వెనుక ఏముందో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ఒక సిద్ధాంతంగా చెప్పారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటిది ఉంటుందనీ, చర్మం మీద స్పర్శను మోసే నరాలు కదిలితే నొప్పిని మోసే నరాలకు ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ వాళ్ళ వాదన. తర్వాత అందులో ఎన్నో మార్పులు చేర్పులు జరిగాయి, అసలు సంగతి మాత్రం నిలబడింది. మన అవ్వలు చేసే పనికి ఒక కారణం ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికి కాదు, కారణం తెలిస్తే ఏది నిలుపుకోవాలో ఏది వదులుకోవాలో తెలుస్తుందని చెబుతున్నాం.

సంతలో సూది

మన నొప్పి మీద రెండు వ్యాపారాలు నడుస్తున్నాయి. మొదటిది సూది వ్యాపారం.

సంత రోజు చూడండి. ఉప్పు, ఎండుచేప కొన్నాక మిగిలిన డబ్బుతో ఒక నొప్పి సూది, ఇంకా మిగిలితే ఒక గ్లూకోజు బాటిలు. బాటిలు ఎక్కించుకుంటే ఒంట్లోకి బలం వస్తుందని నమ్మకం. ఆ బాటిల్లో ఏముందో లెక్క కడదాం. ఐదు శాతం గ్లూకోజు అని రాసిన 500 మిల్లీలీటర్ల బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. మిగతాది నీళ్ళు. సెలైన్ బాటిలైతే అందులో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులు, విరేచనాలతో నీళ్ళు తాగలేని మనిషికి అది ప్రాణం పోస్తుంది. నడుము నొప్పికి అది చేసేది ఏమీ లేదు. ఒక చెంబెడు రాగి అంబలిలో అంతకంటే ఎక్కువ బలం ఉంది. ఆ బాటిలు ఎక్కేంతసేపు మంచం మీద పడుకుంటాం కదా, ఉపశమనం ఇచ్చేది ఆ పడుకోవడమే. మనకు విశ్రాంతి దొరకాలంటే చేతికి సూది గుచ్చుకుని డబ్బు కట్టాల్సి వస్తోంది.

ఇక నొప్పి సూది. అందులో ఎక్కువగా వాడేది డైక్లోఫెనాక్. ఈ మందు కథ అడవి మనుషులు తెలుసుకోవాలి. పశువులకు ఈ మందు ఇచ్చినప్పుడు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా చనిపోయాయి. దేశంలో రాబందులు దాదాపు కనిపించకుండా పోయాయి. పశువుల వైద్యంలో ఈ మందును 2006లో నిషేధించారు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద మిగిలిన కొన్ని రాబందులను కాపాడటానికి అటవీశాఖ కాపలా పెట్టింది. మంచిదే. మనిషి రాబందు కాదు, ఈ మందు మనిషిని ఒక్క మోతాదుకు చంపదు. డాక్టరు చూసి నాలుగు రోజులకు ఇస్తే పనికొచ్చే మందే. కానీ ఎండలో నీళ్ళు చాలక పనిచేసే మనిషి, వారం వారం నెలల తరబడి వేయించుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి, కడుపులో పుండు పడుతుంది. రాబందుకు పెట్టిన కాపలా మన మూత్రపిండాలకు ఎవరు పెట్టారు?

పొట్లం కట్టి ఇచ్చే పేరు లేని బిళ్ళలు, పొడులు ఇంకా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఒక్క రోజులో నొప్పి ఎగిరిపోతుంది, ఆ డాక్టరు చెయ్యి మంచిదని ఊరంతా పేరు వస్తుంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముక గుల్లబారుతుంది, షుగరు వస్తుంది, ఒంట్లో దాగున్న క్షయ లేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పేరు రాసివ్వని మందును మింగవద్దు. ఇది మన ప్రతి గూడెంలో ప్రతి యువకుడూ గట్టిగా చెప్పాల్సిన మాట.

ఆడవాళ్ళ నొప్పి మీద వ్యాపారం మరీ దారుణం. నడుము నొప్పి, తెల్లబట్ట అని చెబితే గర్భసంచి తీసేయాలంటారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. బిందె మోసి వచ్చిన నడుము నొప్పి గర్భసంచి తీస్తే పోదు. దానితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా బలహీనపడి ఆ నొప్పి ఇంకా పెరుగుతుంది. అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనం. ఆ అవసరం ఏమిటో ఇంకో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు.

మూడో మందు మన ఇళ్ళలోనే ఉంది. సారా. మోత మోసి వచ్చిన మగవాడు నొప్పి తెలియకుండా తాగుతాడు. దాన్ని గిరిజనుల అలవాటు అని బయటివాళ్ళు రాస్తారు. పండుగ నాటి ఇప్పసారా వేరు, రోజూ పొద్దుగూకాక నొప్పికి వేసుకునే ప్యాకెట్ సారా వేరు. తెల్లవారేసరికి నొప్పి ఉన్నచోటే ఉంటుంది, కూలి డబ్బులు ఉండవు, ఇంట్లో ఆడమనిషికి ఇంకో నొప్పి మొదలవుతుంది.

ప్రకృతి పేరుతో అమ్మకం

రెండో వ్యాపారం పట్నంలో ఉంది. సీసా మీద ఈకలు పెట్టుకున్న మనిషి బొమ్మ, అడవి బొమ్మ, "గిరిజన మూలికా తైలం" అని పేరు. మోకాళ్ళ నొప్పులు మూడు రోజుల్లో మాయం అంటారు. ఆ సీసాలో మన ఆకు ఎంత ఉందో, అసలు ఉందో లేదో అడిగే దిక్కు లేదు. మన పేరు అమ్ముడుపోతుంది, మన మోకాలు నొప్పి మాత్రం మన దగ్గరే ఉంటుంది. మాకు నొప్పులే రావనేవాళ్ళూ, మా దగ్గర అన్ని నొప్పులకూ మందు ఉందనేవాళ్ళూ ఒకే తాను ముక్కలు. ఇద్దరూ మమ్మల్ని మనుషుల్లా చూడటం లేదు.

దీనికి జవాబుగా మన మందులన్నీ మూఢనమ్మకాలని మనమే అనాల్సిన పనిలేదు. అన్నీ గొప్పవని అనాల్సిన పనీ లేదు. ఒక్కొక్కటి తీసి చూద్దాం.

వావిలాకు వేసి కాచిన వేడినీళ్ళ స్నానం, వేయించిన ఉప్పు మూట కాపడం, వెచ్చచేసిన ఆముదం ఆకు కట్టడం. వీటిలో ఆకు పని ఎంతో గానీ, వేడి పని మాత్రం ఖాయం. వేడి తగిలితే రక్తం బాగా ఆడుతుంది, బిగిసిన కండరం వదులవుతుంది. ఇప్పనూనో నువ్వులనూనో రాసి మెల్లగా మర్దన చేయడం మంచిది. చర్మం కాలకుండా చూసుకోవాలి, వాపు వచ్చి ఎర్రగా ఉన్నచోట, కొత్తగా దెబ్బ తగిలినచోట గట్టిగా రుద్దకూడదు. అంతే.

నడుము పట్టేసినప్పుడు రోజుల తరబడి మంచం మీద పడుకోవడం కంటే ఒకటి రెండు రోజులు బరువు మాని, నెమ్మదిగా నడుస్తూ ఉండటమే మేలు. ఎక్కువ మందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 చివర్లో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా నొప్పి గురించి మనిషికి వివరించి చెప్పడం, వ్యాయామం, మర్దన లాంటివి ఉన్నాయి. మన గూడేల్లో సాయంత్రం ధింసా ఆడే ముసలమ్మలు ఉన్నారు. మూసుకుపోయిన గదిలో వ్యాయామం నేర్చుకోవాలంటే మనకు కష్టం గానీ, చేతులు పట్టుకుని నెమ్మదిగా అడుగులు వేయడం కష్టం కాదు. నొప్పి ఉన్నవాళ్ళను ఆటకు దూరం పెట్టకండి, వెనుక వరసలో నిలబెట్టండి.

వదులుకోవాల్సినవీ ఉన్నాయి. నొప్పి ఉన్నచోట కాల్చి వాత పెట్టడం మానాలి. ఆ మంట ముందు పాత నొప్పి కొంతసేపు తెలియకుండా పోతుంది, అంతే. పుండు మిగులుతుంది, చీము పడుతుంది. చంటిపిల్లలకు పెట్టడం పాపం. నల్లజీడి పాలు కీళ్ళ మీద పెడితే చర్మం పొక్కి కాలుతుంది. పసరులో ఏ ఆకు ఉందో చెప్పనివాడి మందు, పేరు చెప్పని బిళ్ళ ఒకటే. బయటివాడిని అడిగే ప్రశ్న మనవాడినీ అడగాలి.

ఊళ్ళో ఆగకూడని నొప్పులు

సహజంగా తగ్గించుకోవడం అనే మాటకు ఒక హద్దు ఉంది. కొన్ని నొప్పులు కాపడంతో కూర్చోబెట్టదగినవి కావు.

మొదటిది సికిల్ సెల్. మన ఆదివాసీ సమూహాల్లో ఇది ఎక్కువ. రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా ఉండాల్సింది పోయి కొడవలి ఆకారంలోకి మారి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. చేతులు, కాళ్ళు, నడుము, ఛాతీ భరించలేనంత నొప్పి పెడతాయి. చలి, నీళ్ళు చాలకపోవడం, విపరీతమైన శ్రమ, జ్వరం ఆ నొప్పిని రేపుతాయి. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పిల్లలు మీ తరగతిలోనే ఉన్నారు. చలికాలంలో తరచూ బడి మానేసే పిల్ల, చన్నీళ్ళ స్నానానికి ఏడ్చే పిల్లవాడు, ఆటల పీరియడులో కూర్చుండిపోయి కాళ్ళు నొప్పులనేవాడు, కళ్ళు పచ్చబడేవాడు. వాళ్ళను సోమరి అనకండి, గుంజీలు తీయించకండి. రక్తపరీక్షకు పంపండి. నీళ్ళు ఎక్కువ తాగనివ్వండి, వెచ్చగా ఉంచండి, నొప్పి ఉన్నచోట ఐసు పెట్టకండి. జ్వరం వచ్చినా, ఛాతీ నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి చేర్చండి.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామని, 2047 నాటికి వ్యాధిని లేకుండా చేస్తామని చెప్పింది. పరీక్ష చేసి కార్డు చేతిలో పెడితే వ్యాధి పోదు. మందులు నెల నెలా అందాలి, నొప్పి లేచిన రాత్రి ఆసుపత్రిలో నొప్పి తగ్గించే మందు దొరకాలి. అది జరుగుతోందా లేదా అని అడగాల్సింది మనం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్ వ్యాధిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ఈ సంగతి తెలియక సర్టిఫికెట్ కోసం వెళ్ళనివాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. పెళ్ళి కుదుర్చుకునే యువతీ యువకులు ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

రెండోది వెన్నెముక క్షయ. నెలల తరబడి తగ్గని వెన్నునొప్పి, రాత్రి ఎక్కువ కావడం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. దీనికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. ఆలస్యమైతే కాళ్ళు పడిపోతాయి.

మూడోది నీళ్ళ నుంచి వచ్చే ఫ్లోరోసిస్. నల్లగొండ జిల్లా తండాల్లో మన లంబాడీ సోదరులు తరాలుగా అనుభవించారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే, ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి. ఇంకా ఎక్కువైతే కీళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగిపోతుంది. ఆ నొప్పికి ఏ తైలమూ పనిచేయదు. మంచినీళ్ళే మందు.

కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, పడిన తర్వాత వచ్చిన గట్టి నొప్పి, ఎడమ చేతికీ దవడకూ పాకే ఛాతీ నొప్పి. ఇవి కనిపిస్తే పసరు కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

పని మానితే తిండెలా

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. బరువు తగ్గించు, విశ్రాంతి తీసుకో అంటున్నారు, పని మానితే తిండెవరు పెడతారు? నిజమే. విశ్రాంతి అనేది డాక్టరు నోటి మాట కాదు, కూలి లెక్క. అందుకే నొప్పిని ఆసుపత్రి విషయంగా మాత్రమే చూడటం మేము ఒప్పుకోం. జల్, జంగల్, జమీన్ అని కుమ్రం భీం పేరుతో మనం నినాదం ఇస్తాం. నీళ్ళు మోసేది, అడవి తిరిగేది, భూమి దున్నేది ఒళ్ళే. ఆ ఒంటి మీద హక్కు అడగకుండా మిగతా మూడు హక్కులూ పూర్తి కావు.

కాబట్టి గ్రామసభలో నడుము నొప్పి గురించి మాట్లాడదాం. సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇంటి ముందుకు కుళాయి రావడం నొప్పికి మందు. గూడేనికి రోడ్డు పడటం డోలీ మోసే భుజానికి మందు. అటవీ ఉత్పత్తులు కొనే చోటు ఊరికి దగ్గరగా ఉండటం, కొండచీపురుకూ చింతపండుకూ సరైన ధర రావడం మందు. రేటు పెరిగితే అదే డబ్బుకు ఒక గంప తక్కువ మోస్తాం. బాలింతకు మూడు నెలలైనా బిందె ఎత్తే పని పడకుండా ఇంట్లో మగవాళ్ళు నీళ్ళు తేవడం మందు, దీనికి ఏ ప్రభుత్వమూ అక్కరలేదు. మన ఐటీడీఏల పరిధిలోని పెద్ద ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ చేసేవాళ్ళు ఉండాలి, సంత రోజు వాళ్ళు సంతకు రావాలి. సూది సంతకు రాగలిగినప్పుడు వైద్యం ఎందుకు రాలేదు?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు చేయగలిగినవి ఇవాళే ఉన్నాయి. మీ ఊళ్ళో ఎవరు ఎంత బరువు, ఎంత దూరం మోస్తున్నారో తూచి, కొలిచి, రాసి పెట్టండి. ఎవరు వారం వారం సూది వేయించుకుంటున్నారో మాట్లాడి తెలుసుకోండి. సికిల్ సెల్ పరీక్ష ఎవరికి జరగలేదో చూడండి. మీ అవ్వ కట్టే ఆకు పేరు మీ భాషలో రాసుకోండి, అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో కూడా రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని గ్రామసభకు వెళ్ళండి. "మేము గట్టివాళ్ళం" అని ఎవరైనా అంటే, ఆ బరువుల లెక్క తీసి ముందు పెట్టండి. ఇంత మోశాం, ఇన్నేళ్ళు మోశాం, ఇక తగ్గించమని అడగండి.